ఉత్తరాలన్నీ ఎందుకు తిరిగిపోయాయి?

మీ యింట్లో పాత పోస్టుకార్డు ఏదైనా వుంటే తీసి చూడండి. ఈ రోజుల్లో అది దొరకడం కొంచెం కష్టమే; అవ్వ ట్రంకుపెట్టెలో వెదకండి. దానిమీద చిరునామా ఏ వరుసలో వ్రాసి వుంది? మొదట మనిషి పేరు. ఆ తర్వాత ఇంటి నెంబరు, వీధి, ఊరు. అడుగున జిల్లా. అనగా చిన్నదానితో మొదలై పెద్దదానితో ముగిసింది.

ఇప్పుడు కింద వున్న పిన్‌కోడు చూడండి. మా అనంతపురం హెడ్డు పోస్టాఫీసుది 515001. ఎడమ చివరనున్న 5 ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలు కలిసిన పెద్ద ప్రాంతాన్ని తెలుపుతుంది. 51 అంటే ఆ ప్రాంతంలో ఒక భాగం. 515 అంటే ఉత్తరాలను వేరుచేసే జిల్లా. చివరి మూడంకెలు పోస్టాఫీసువి. 1972 ఆగస్టు 15న మన దేశంలో మొదలైన ఈ పద్ధతిలో వరుస పెద్దదానితో మొదలై చిన్నదానితో ముగుస్తుంది. చోటు ఒక్కటే, చెప్పే వరుస మాత్రం తలకిందులు.

ఈ తేడాను మనసులో పెట్టుకోండి. కొంచెంసేపట్లో దీనితో మనకు పని పడుతుంది.

మా బడిలో చదువుకొని, ఇప్పుడొక కాలేజీలో కంప్యూటర్లు చూసుకొనే పిల్లవాడు ఒకడున్నాడు. పిల్లవాడంటున్నాను గాని, అతనికి ముప్పయ్యేళ్లు దాటాయి. ఒక సోమవారం పొద్దున్నే ఫోను చేశాడు.

"సార్, బయట నుంచి వచ్చే మెయిల్ ఒక్కటి గూడా లోపలికి రాలేదు సార్. శనివారం నుంచి అన్నీ ఎనక్కి పోతాండాయి."

"ఏం మార్చినావురా?"

"ఏమీ మార్చలేదు సార్. లినక్స్ కొత్త వెర్షన్ ఎక్కించినా, అంతే."

'ఏమీ మార్చలేదు' అన్న మాట వెనుక 'అంతే' అని వస్తే అక్కడే వెదకాలని పాతికేళ్లుగా లాబొరేటరీలో పిల్లల ప్రయోగాలు దిద్ది నేర్చుకున్నాను. స్కూటరు తీసి బయలుదేరాను.

ఆ కాలేజీకి సొంత మెయిల్ సర్వర్ వుంది. అనగా ఉత్తరాలు తీసుకొని, ఎవరిది వారి పెట్టెలో వేసే యంత్రం. చివరి సంవత్సరం విద్యార్థులకు ఇంటర్వ్యూ పిలుపులు దానికే వస్తాయి. అది సరిగ్గా ఆ పిలుపులు వచ్చే సమయం. శెనక్కాయలు అమ్మిన డబ్బుతో ఫీజు కట్టిన ఇళ్ల పిల్లలు వారిలో చాలామంది. ఆ పొద్దున ఒక కంపెనీ వారు ఫోను చేసి, "మీ విద్యార్థికి పంపిన ఉత్తరం మాకే తిరిగి వచ్చింది. మా యంత్రం దొంగల జాబితాలో వుందని మీ యంత్రం అంటోంది" అన్నారట. ఆ ఫోను రాకుంటే సంగతి ఇంకెన్ని రోజులకు బయటపడేదో!

దొంగల జాబితా ఏమిటి?

మొదటి ఈ-మెయిల్‌ను అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు 1971లో పంపాడు. ఏడేళ్లు తిరగకుండానే, 1978 మే నెలలో, గేరీ థర్క్ అనే కంప్యూటర్ వ్యాపారి ప్రతినిధి దాదాపు నాలుగు వందల మందికి ఒకేసారి, వారు అడగకుండానే, తన కంపెనీ ప్రకటన పంపించాడు. చాలామంది తిట్టిపోశారు. కాని దారి తెలిసిపోయింది. ఇట్లాంటి అడగని ఉత్తరాలకు తర్వాత స్పామ్ అన్న పేరు స్థిరపడింది. అది నిజానికి డబ్బాలో అమ్మే ఒక మాంసం పేరు!

పోస్టుకార్డు పదిమందికి వ్రాయాలంటే పది కార్డులు కొనాలి. ఈ-మెయిల్‌కు ఆ బాధ లేదు. పదిమందికి పంపినా పదిలక్షల మందికి పంపినా పంపేవానికి ఖర్చు ఇంచుమించు ఒక్కటే. కనుక లక్షమందిలో ఒక్కడు మోసపోయినా వానికి లాభమే. 'మీకు లాటరీ తగిలింది', 'మీ బ్యాంకు ఖాతా మూసివేస్తాం' వంటివి మీ యింట్లో పెద్దలకు వచ్చే వుంటాయి.

ప్రతి ఉత్తరాన్నీ విప్పి చదివి మంచిచెడ్డలు తేల్చడం యంత్రానికి శ్రమ. దానికన్నా, తెచ్చినవాణ్ణి గడప దగ్గరే గుర్తుపడితే? ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక నెంబరు వుంటుంది. దాన్ని ఐపీ చిరునామా అంటారు. చెత్త పంపుతూ పట్టుబడిన యంత్రాల నెంబర్లు ఒక జాబితాగా వ్రాసి పెడితే అందరూ దాన్ని చూసుకోవచ్చు గదా! 1997లో పాల్ విక్సీ అనే అమెరికన్ ఇంజనీరు మొదలుపెట్టిన జాబితా ఇందుకు ఆద్యం. మరుసటి ఏడు, 1998లో, లండన్‌లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్పామ్‌హౌస్ అనే సంస్థను ప్రారంభించాడు. నేడు ప్రపంచంలో ఎన్నో మెయిల్ సర్వర్లు సంప్రదించే జాబితాలు వారివే.

ఇక్కడ ఒక చిక్కుంది. జాబితా గంటగంటకూ మారుతుంది. లోకంలోని మెయిల్ సర్వర్లన్నీ రోజంతా దాన్ని అడుగుతూ వుండాలి. ఇందుకు కొత్తగా దారి వేయకుండా, అప్పటికే వున్న దారినే వాడుకున్నారు. ఆర్టీసీ బస్సు ఎటూ పోతోంది గదా అని కండక్టరు చేతికి మందుల పొట్లం ఇచ్చి పంపించినట్లు! ఆ బస్సు పేరు డీఎన్ఎస్.

పేరు చెబితే నెంబరు

యంత్రాలకు నెంబర్లు కావాలి. మనుషులకు పేర్లు కావాలి. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ రోజుల్లో పేర్లూ నెంబర్లూ అన్నీ ఒకే పట్టికగా వ్రాసి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో వుంచేవారు. అందరూ దాన్ని నకలు చేసుకొనేవారు. యంత్రాలు పెరిగేసరికి ఆ పట్టిక మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు వేరొక పద్ధతి కనిపెట్టాడు: పట్టిక అంతా ఒకరిదగ్గరే వుండనక్కర లేదు, ఎవరి భాగం వారి దగ్గర వుంటుంది, పై వారికి కింది వారి జాడ తెలిస్తే చాలు. ఇదే డీఎన్ఎస్.

మా వూరి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం పేరు ఇంటర్నెట్‌లో 'జేఎన్‌టీయూఏ.ఏసీ.ఇన్'. దీన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. 'ఇన్' అంటే ఇండియా. 'ఏసీ' అంటే విద్యాసంస్థలు. చివరకు మన విశ్వవిద్యాలయం. పోస్టుకార్డు వరుసే! చిన్నది ముందు, పెద్దది వెనుక.

ఈ పేరుకు నెంబరు కావాలంటే ఏం జరుగుతుంది? రిజాల్వర్ అనే ప్రోగ్రాం మన తరఫున ఊరూరా తిరిగి వస్తుంది. ముందుగా అందరికన్నా పైనున్న మూల సర్వర్ల దగ్గరకు పోతుంది. వీటికి 13 పేర్లు, ఇంగ్లీషు అక్షరాల వరుసలో 'ఏ' నుంచి 'ఎమ్' దాకా; నకళ్లు మాత్రం ప్రపంచమంతటా, మన దేశంలో గూడా, వున్నాయి. "నాకు పూర్తి పేరు తెలియదు, 'ఇన్' వారిని అడుగు" అని అక్కడ చెబుతారు. 'ఇన్' వారు "ఈ పేరు సంగతి ఫలానా చోట అడుగు" అంటారు. అట్లా ఒక్కొక్క మెట్టే దిగి నెంబరు తెస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. తెచ్చిన జవాబును కొంతకాలం జ్ఞాపకం పెట్టుకుంటుంది కూడా. పొద్దున కడవలో నింపిన నీళ్లుండగా దాహమైనప్పుడల్లా బావికి పోము గదా!

ఈ రకంగా మన దేశానికి తెలుగు లిపిలో '.భారత్' అనే కొస గూడా ఆ మూల పట్టికలో వుందని మీలో ఎంతమందికి తెలుసు?

ఇక ఐపీ నెంబరు సంగతి. అందులో చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఏదైనా కావచ్చు. (ఇంతకన్నా పొడుగైన కొత్తరకం నెంబర్లూ వచ్చాయి, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.) 203.0.113.45 అనుకోండి. ఇది పుస్తకాల్లో ఉదాహరణల కోసమే విడిచిపెట్టిన వరుసలోది, ఎవరి యంత్రానిదీ కాదు. ఇందులో 203 పెద్ద ప్రాంతం. 45 అందులో చిట్టచివరి ఇల్లు. ఇది పిన్‌కోడు వరుస!

మొదట గుర్తుంచుకోమన్న తేడా ఇక్కడ అక్కరకొస్తుంది. నెంబరును పేరుగా మార్చి డీఎన్ఎస్ బస్సు ఎక్కించాలంటే వరుసను తలకిందులు చేయాలి. 203.0.113.45 అన్నది 45.113.0.203 అవుతుంది. దాని వెనుక జాబితా పేరు తగిలిస్తాం: '45.113.0.203.జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్'. ఇట్లాంటి పేరు వుందా అని అడుగుతాం. 'అట్లాంటి పేరే లేదు' అని జవాబు వస్తే సంతోషించాలి. ఆ యంత్రం జాబితాలో లేదన్నమాట. వుంటే 127.0.0.2, 127.0.0.4 వంటి నెంబరొకటి వస్తుంది. 127తో మొదలయ్యేవన్నీ 'ఈ యంత్రమే, నేనే' అని అర్థమిచ్చే నెంబర్లు. బయట ఎవరికీ చెందవు. అందుకని వాటిని సంకేతాలుగా వాడుకున్నారు. చివరి అంకెను బట్టి నేరమేమిటో తెలుస్తుంది. 2 అయితే చెత్త పంపేవారిదని తేలిన యంత్రం. 4 అయితే పురుగు పట్టి, యజమానికి తెలియకుండానే చెత్త పంపుతున్న యంత్రం. 10, 11 అయితే నేరమేమీ లేదు. అది మామూలు ఇంటి కనెక్షను, నేరుగా ఉత్తరాలు మోసుకు రావలసిన పని దానికి లేదు.

ఆ సోమవారం సంగతి

కాలేజీలో కూర్చుని, లినక్స్‌లో 'డిగ్' అనే ఆజ్ఞతో తిరిగిపోయిన ఒక యంత్రం నెంబరును తలకిందులు చేసి అడిగాం. జవాబు: 127.255.255.254.

"చూడండి సార్, 127తోనే మొదలయింది. దొంగ అనే గదా?"

"తొందర పడొద్దు. దొంగ కానే కాదని మనకు బాగా తెలిసినవాణ్ణి అడిగి చూద్దాం" అన్నాను.

లాబొరేటరీలో లిట్మస్ కాగితాన్ని అనుమానించినప్పుడు ఏం చేస్తాం? తెలిసిన ఆమ్లంలో ఒకసారి, తెలిసిన క్షారంలో ఒకసారి ముంచి చూస్తాం. ఈ జాబితాలకూ అట్లాంటి ఏర్పాటుంది; 2010లో వెలువడిన ఒక ఇంటర్నెట్ పత్రంలో వ్రాసిపెట్టారు. 127.0.0.2 అనే నెంబరు ప్రతి జాబితాలోనూ తప్పక వుండాలి. 127.0.0.1 ఏ జాబితాలోనూ వుండకూడదు. మొదటిది ఎప్పటికీ దొంగ, రెండవది ఎప్పటికీ దొర. మేము దొరను అడిగాం. దానికీ 127.255.255.254! అనగా లిట్మస్ కాగితమే పాడైంది.

127.255.255 తో మొదలయ్యే సంకేతాలకు అర్థం వేరు. అవి నేరం చెప్పవు. "నీవు అడిగిన పద్ధతి సరిగా లేదు" అని మాత్రం చెబుతాయి. చివర 252 అయితే జాబితా పేరు తప్పు వ్రాశావని. 255 అయితే మితిమీరి అడుగుతున్నావని. 254 అయితే బహిరంగ రిజాల్వర్ ద్వారా వచ్చావని. మెయిల్ యంత్రానికి ఈ భేదం ఎవరూ నేర్పలేదు. జవాబు వచ్చిందంటే దొంగే అనుకొని ప్రతివాణ్ణీ వెనక్కి పంపింది.

బహిరంగ రిజాల్వర్ అంటే ఏమిటి? మన బదులు ఊరూరా తిరిగే పనిని ఎవరికైనా ఉచితంగా చేసిపెట్టే పెద్ద కంపెనీల యంత్రం. గూగుల్ 2009లో పెట్టిన 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 2018లో పెట్టిన 1.1.1.1 అట్లాంటివే. మామూలు పనికి అవి బాగానే వుంటాయి. మరి జాబితావారికి ఏం కష్టం? స్టోరు బియ్యానికి ఎవరి వేలిముద్ర వారే వేయాలి గదా. ఒక మనిషి వచ్చి, "ఇవి వెయ్యి ఇళ్ల కార్డులు, అన్నిటికీ నేనే తీసుకుపోతాను, ఎవరెవరివని అడగొద్దు" అంటే డీలరు ఇస్తాడా? స్పామ్‌హౌస్ వారు చిన్న వాడుకదారులకు ఉచితంగా జవాబులిస్తారు. పెద్దవారి దగ్గర డబ్బు తీసుకుంటారు. బహిరంగ రిజాల్వర్ ద్వారా వస్తే వెనుక ఎవరున్నారో కనపడదు. అందుకే వద్దంటారు. ఇందులో నాకు అన్యాయమేమీ కనపడలేదు.

"కాని సార్, మనం గూగుల్‌ను అడగడం లేదే! చూడండి" అని అతడు ఒక ఫైలు తెరిచాడు. లినక్స్‌లో 'రిజాల్వ్.కాన్ఫ్' అనే చిన్న ఫైలు వుంటుంది. పేర్ల విషయం ఎవరిని అడగాలో అందులో ఒక వాక్యంగా వ్రాసి వుంటుంది. అక్కడ 127.0.0.53 అని వుంది. "127 గదా సార్, మన మిషన్ లోపలిదే గదా?"

నిజమే, లోపలిదే. నేను గూడా అక్కడ పది నిమిషాలు తెల్లమొహం వేశాను. తర్వాత తెలిసింది: ఈ 53 నెంబరువాడు ఇంట్లో వుంటాడు గాని, ఊరూరా తిరిగేవాడు కాడు. గుమ్మం దగ్గర కూర్చున్న కాపలాదారు. మనం అడిగిన ప్రశ్నను బయట ఎవరికో అప్పజెప్పి, వారి జవాబు తెచ్చి మనకిస్తాడు. ఆ బయటివారెవరని అడిగితే, '8.8.8.8' అన్నాడు! ఇదివరకు ఆ యంత్రంలో సొంత రిజాల్వర్ వుండేదట. కొత్త వెర్షన్ ఎక్కించినప్పుడు అది పక్కకు తప్పుకొని, కాపలాదారు పీఠమెక్కాడు. 'ఏమీ మార్చలేదు, అంతే' అన్నది ఇదే.

ముందుగా ఆ జాబితాను అడగడమే ఆపించాను. కొన్ని గంటలు చెత్త లోపలికి వచ్చినా ఫరవాలేదు. పిలుపులు తిరిగిపోతే మళ్లీ రావు. తర్వాత సావకాశంగా అన్‌బౌండ్ అనే రిజాల్వర్‌ను ఆ యంత్రంలోనే పెట్టాడు. బైండ్ అనేది మరొకటి వుంది, 1980ల నాటి నుంచి వున్న పెద్దమనిషి, అదైనా సరే. ఎవరికీ అప్పజెప్పకుండా మూల సర్వర్ల నుంచి తానే అడుగుతూ పోవాలని దానికి చెప్పాం. ఆ యంత్రానికి తప్ప బయటివారెవరికీ జవాబివ్వకూడదని గూడా చెప్పాం. వాకిలి బార్లా తీసిపెట్టిన రిజాల్వర్లను దుండగులు ఇతరులమీద దాడికి వాడుకుంటారు. రిజాల్వ్.కాన్ఫ్‌లో 127.0.0.1 అని వ్రాశాడు. కాపలాదారు దాన్ని మళ్లీ చెరిపివేయకుండా అతనికి సెలవిచ్చాడు. చివరగా మెయిల్ ప్రోగ్రాం పోస్ట్‌ఫిక్స్‌కు భేదం నేర్పాడు: 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు వస్తేనే దొంగ. మరేది వచ్చినా ఉత్తరాన్ని ఆపవద్దు.

దొంగనూ దొరనూ మళ్లీ అడిగాం. మొదటిది వుంది, రెండవది లేదు. లిట్మస్ బాగుపడింది.

తిరిగిపోయిన ఉత్తరాల మాటేమిటి? మెయిల్ యంత్రాలు 450 అని జవాబిస్తే 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అని అర్థం. పంపిన యంత్రం దానంతట అదే మళ్లీ వస్తుంది. 550 అంటే 'వద్దు, పో'. ఆ రెండు రోజులూ ఇక్కడి యంత్రం అందరికీ 550 అనే చెప్పింది. అయితే ఏ నిమిషాన ఎవరు ఎవరికి వ్రాశారో చిట్టాలో నమోదై వుంది. మా వాడు ఆ మధ్యాహ్నం భోజనం మాని, ఒక్కొక్కరికే జాబు వ్రాస్తూ కూర్చున్నాడు. కొందరు మళ్లీ పంపారు. కొందరు జవాబే ఇవ్వలేదు.

ఉత్తరాన్ని చెప్పకుండా చెత్తబుట్టలో వేయడం కన్నా, 'వద్దు' అని చెప్పి వెనక్కి పంపడం మేలని నేనంటాను. అట్లా చెప్పబట్టే ఆ కంపెనీ వారికి తెలిసింది, ఫోను చేశారు.

జాబితా నడిపేవారి వల్ల గూడా ఇట్లాంటివి జరిగాయి. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో మూతపడింది. మూసేశామని చెప్పినా చాలా సర్వర్లు దాన్ని అడగడం మానలేదు. 2008 మార్చిలో ఆ జాబితా ఎవరిని గురించి అడిగినా 'దొంగే' అనడం మొదలుపెట్టింది. దాన్ని ఇంకా నమ్ముకున్నవారికి ఆ రోజు ఉత్తరాలు ఆగిపోయాయి. అందుకే కొన్ని ఫిల్టర్లు ఒక్క జాబితా మాటమీద తీర్పు చెప్పవు. 2001లో వచ్చిన స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టరు మన పరీక్షల మాదిరి మార్కులు వేస్తుంది. జాబితాలో వుంటే కొన్ని, అనుమానపు మాటలుంటే కొన్ని. మామూలుగా మొత్తం 5కు చేరితేనే అది స్పామ్.

మీరే చేసి చూడండి

మీ బడి కంప్యూటర్ గదిలో లినక్స్ యంత్రం వుంటే, మాస్టారి అనుమతి తీసుకొని టెర్మినల్ తెరవండి. విండోస్ అయితే 'డిగ్' బదులు 'ఎన్ఎస్ లుకప్' అనే ఆజ్ఞ వాడండి. ముందు '2.0.0.127.జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్' అని, తర్వాత '1.0.0.127.జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చి అడగండి. జవాబులు నోటుబుక్కులో రెండు వరుసలుగా వ్రాసుకోండి. మొదటిదానికి 127.0.0.2 వంటివి వచ్చి, రెండవదానికి ఏమీ రాకపోతే మీ యంత్రం అడిగే దారి సరిగా వుంది. రెండింటికీ 127.255.255.254 వస్తే మీ ప్రశ్న బహిరంగ రిజాల్వర్ మీదుగా పోతోంది. రెండింటికీ ఏమీ రాకపోతే? మొదటిది తప్పక వుండాలని చెప్పుకున్నాం గనుక, మీ ప్రశ్న గాని, జాబితావారి జవాబు గాని దారిలో ఆగిపోయి వుండాలి. దారిలో ఎక్కడ ఆగిందో వెదకండి. మొదట రిజాల్వ్.కాన్ఫ్ తెరిచి, అందులో 127.0.0.1 వుందో 127.0.0.53 వుందో చూడండి.